పగటి ఎండ, రాత్రి దీపం

మొన్న ఆదివారం పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది. పల్నాటి ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధిలో కుక్క కూడా కదలడం లేదు. వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు ఫ్యాను కింద బోర్లా పడుకుని ఏదో చదువుకుంటోంది. ఫ్యాను ఆగింది. ఒక నిమిషం పైకి చూసి, లేచి నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"తాతయ్యా, మన మేడ మీద సోలార్ పలకలున్నాయిగా. బయట ఇంత ఎండ కాస్తోందిగా. మరి ఫ్యాను ఎందుకు ఆగింది?"

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ముప్ఫై అయిదేళ్లు బళ్లో సైన్సు చెప్పినవాణ్ని. మంచి ప్రశ్న వినపడితే చాలు, ఉక్కపోత గుర్తుండదు. ఎందుకంటే ఈ ఒక్క ప్రశ్న చేత పట్టుకుని నడిస్తే సింగరేణి బొగ్గు గనుల నుంచి శ్రీశైలం దాకా, అక్కణ్నుంచి కర్నూలు కొండల దాకా వెళ్లి రావచ్చు. బొగ్గు మానేసి ఎండకీ గాలికీ మారిపోదాం అని అందరూ అంటున్నారు కదా, ఆ మారడంలో అసలు చిక్కెక్కడుందో ఈ ప్రశ్నలోనే ఉంది.

దాన్ని చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి తీసుకెళ్లాను. గోడకు ఇన్వర్టరు బిగించి ఉంది. ఎప్పుడూ పచ్చగా వెలిగే దీపం ఇప్పుడు ఎర్రగా ఉంది.

"చూశావా అమ్మలూ. పలకలు పాడైపోలేదు. ఈ పెట్టే కావాలని ఆపేసుకుంది."

పలకల్లో పుట్టేది డీసీ కరెంటు, ఒకే దిక్కుకు పారేది. మన ఇంటి ఫ్యానుకు, ఫ్రిజ్‌కు కావలసింది ఏసీ, సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగేది. ఈ పెట్టె పని ఆ డీసీని ఏసీగా మార్చి, ఊరి లైనులో ఉన్న ఊపుతో సరిగ్గా కలపడం. భజనలో వెనక కూర్చున్నవాడు ముందున్నవాడి తాళం చూసి తాళం వేసినట్టన్నమాట. ముందున్నవాడు ఆపితే వీడూ ఆపేయాలి. ఆపకపోతే ఏమవుతుంది?

"ఏమవుతుంది?"

"స్తంభం మీద మనిషి చచ్చిపోతాడు."

దాని కళ్లు పెద్దవయ్యాయి. భయపెట్టడానికి చెప్పలేదు, ఉన్నమాటే చెప్పాను. లైన్‌మ్యాన్ లైను ఆపించే అనుమతి (ఎల్‌సీ) తీసుకుని, లైనులో కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో మన మేడ మీది కరెంటు వీధిలోకి పారిందనుకోండి. అది వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా 11,000 వోల్టులను మన ఇంటికి తగ్గట్టు దించుతుంది. ఇటునుంచి ఎదురెక్కితే అదే యంత్రం మన ఇంటి కరెంటును అటు 11,000 వోల్టులకు పెంచేస్తుంది. అందుకే ఊరి లైను పోయిన మరుక్షణం సోలార్ ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలని నిబంధన. ఆ ఎర్ర దీపం ఎవరో ఇల్లాలి పసుపు కుంకుమలు కాపాడుతోంది.

"మరి మనం బ్యాటరీ పెట్టుకోవచ్చుగా? పగలు దాచుకుని, కరెంటు పోయినప్పుడు వాడుకోవచ్చుగా?"

పెట్టుకోవచ్చు. కొందరు పెట్టుకుంటున్నారు. కానీ ఖర్చు పెరుగుతుంది. మా ఇంటి మీద ఉన్నవి మూడు కిలోవాట్ల పలకలు. 2024లో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చి, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు సబ్సిడీ ఇస్తోంది. అలా పెట్టించుకున్నవే. మా బేరం ఊరి లైనుతోనే. పగలు మిగిలింది దానికిస్తాం, రాత్రి కావలసింది దాన్నుంచి తీసుకుంటాం, నెలాఖరుకు మీటరు కూడికా తీసివేతా చేస్తుంది. బిల్లు ప్రకారం చూస్తే మా ఇంటికి రాత్రి దీపం కూడా ఎండ దీపమే. నిజం మాత్రం అది కాదు. పగలు మేమిచ్చింది అప్పుడే పక్కింటి ఏసీలో ఖర్చయిపోయింది. రాత్రి మా దీపం ఎక్కడో కాలుతున్న బొగ్గుతో వెలుగుతోంది.

మేమిద్దరం ఇలా మాట్లాడుకుంటూ మేడ మీదికి ఎక్కేసరికి, అక్కడ మా ఆవిడ పాత పంచె పరిచి గుమ్మడికాయ ఒడియాలు పెట్టి, కాకులు వాలకుండా గొడుగు నీడలో కూర్చుని ఉంది. నేను చెప్పబోయే పాఠానికి ఇంతకన్నా మంచి పరికరం ఏం కావాలి?

"అమ్మమ్మ ఏం చేస్తోందో చెప్పు."

"ఒడియాలు పెడుతోంది."

"కాదు తల్లీ. వేసవి ఎండను డబ్బాలో దాస్తోంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు, కూర లేనప్పుడు, ఆ డబ్బా మూత తీస్తుంది."

బొగ్గు కూడా అంతే. నా పాత ట్రంకు పెట్టెలో ఒక రాయి ఉంది. సింగరేణిలో పనిచేసిన నా శిష్యుడొకడు ఎప్పుడో తెచ్చిచ్చాడు. నల్లటి పలక లాంటి రాయి, బొగ్గు పొరను ఆనుకుని దొరికేది. దాని మీద ఆకు ముద్ర ఉంది. నాలుక ఆకారంలో పొడుగ్గా, మధ్యలో ఈనె, ఆ ఈనె నుంచి రెండు పక్కలకూ వల అల్లినట్టు సన్నటి నరాలు. దాని పేరు గ్లోసోప్టెరిస్. గ్రీకులో నాలుక ఫెర్న్ అని అర్థం. ఆ చెట్టు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. పాతిక కోట్ల ఏళ్లకు పైమాట, మన దేశమూ ఆఫ్రికా ఆస్ట్రేలియా అంటార్కిటికా అన్నీ గోండ్వానా అనే ఒకే నేలగా ఉన్న రోజుల్లో, ఇప్పటి గోదావరి లోయలో ఆ చెట్లు అడవులుగా పెరిగాయి. ఎండను తిన్నాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి కార్బన్ తీసుకుని కాండంలోనూ ఆకులోనూ దాచుకున్నాయి. కూలి బురదలో పడ్డాయి. కుళ్లిపోయేలోపే పైన మట్టి పడింది, దాని మీద ఇంకో పొర, దాని మీద మరొకటి. బరువుకీ వేడికీ నీరంతా పోయి చివరికి రాక్షసి బొగ్గు అయ్యాయి. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర ఆ బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది.

ఆ రాయిని తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాను. ఆకు మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసింది. "ఇది ఎండతో చేసిన ఒడియమా తాతయ్యా?" అంది. అవును తల్లీ, పాతిక కోట్ల ఏళ్ల నాటి ఒడియం. పెట్టింది మనం కాదు, ఎండబెట్టింది మనం కాదు. డబ్బా మూత తీసి వేయించుకోవడం ఒక్కటే మన పని.

ఎంత వేయించుకుంటున్నామో చూడండి. మన దేశపు బొగ్గు కిలో కాలిస్తే సుమారు నాలుగున్నర యూనిట్లకు సరిపడే వేడి వస్తుంది. అందులో మూడో వంతే కరెంటవుతుంది. తక్కినది చల్లబరిచే నీటిలోకీ, పొగ గొట్టంలోంచి ఆకాశంలోకీ పోతుంది. అంటే యూనిట్టుకు ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ. నెలకు 200 యూనిట్ల బొగ్గు కరెంటు కాల్చే ఇల్లు, వాకిట్లో ఒక్క మసి మరక లేకుండానే, నెలనెలా 130 కిలోల పైచిలుకు బొగ్గు కాలుస్తోందన్నమాట. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. ఇక వాయువు సంగతి. కార్బన్ పరమాణువు బరువు 12. అది కాలితే రెండు ఆక్సిజన్లను పట్టుకుంటుంది, వాటి బరువు 32. మొత్తం 44. కిలో కార్బన్ కాలిస్తే మూడున్నర కిలోలు దాటి బొగ్గుపులుసు వాయువు తయారవుతుంది. కాల్చినదానికన్నా గాలిలోకి వదిలేది బరువైనది! హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లలో 315 పాళ్లుండేది. ఇప్పుడు 420 దాటింది. నా ఒక్క జీవితకాలంలో ఇంత మార్పు. పాతిక కోట్ల ఏళ్ల కింద చెట్లు జాగ్రత్తగా పాతిపెట్టినదాన్ని మనం రెండు మూడు వందల ఏళ్లలో తోడి గాల్లో కలుపుతున్నాం. అందుకే మానేయాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే బొగ్గులో ఉన్న గొప్ప గుణం ఒకటి ఒప్పుకోవాలి. అది నిలవ సరుకు. కుప్ప పోసి ఉంచితే కావలసినప్పుడు కాల్చుకోవచ్చు. ఎండ అలా కాదు. వచ్చినప్పుడు పట్టుకోవాలి, లేకపోతే పోతుంది.

కరెంటుకేమో ఒక పొగరుంది. తీగలో నిలవ ఉండదు. ఈ క్షణంలో పుట్టింది ఈ క్షణంలోనే ఖర్చవ్వాలి. దేశమంతా వాడుతున్నది ఎంతో, పుడుతున్నది సరిగ్గా అంతే ఉండాలి. వాడకం ఎక్కువైతే ఆ 50 సార్ల ఊపు నెమ్మదిస్తుంది. పుట్టుక ఎక్కువైతే వేగం హెచ్చుతుంది. 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలని మన దేశపు నియమం. హైదరాబాదులోనూ విజయవాడలోనూ లోడ్ డిస్పాచ్ సెంటర్లలో ఇంజనీర్లు రాత్రింబవళ్లు ఆ అంకె మీదే కన్నేసి కూర్చుంటారు. మనం నిద్రపోతున్నప్పుడు మేలుకుని ఉండే మనుషులు వాళ్లు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతంలో ఆ తూకం తప్పింది. రెండో రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నారు. మన దక్షిణాది గ్రిడ్‌కు అప్పటికి వాళ్లతో ఒకే ఊపు లేదు, అందుకే మనకు దీపాలు వెలిగాయి. రాయచూరు - షోలాపూర్ లైనుతో మనం వాళ్లతో కలిసింది 2013 డిసెంబర్ 31న. ఇప్పుడు కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకే తాళం.

బొగ్గు కేంద్రంలో వందల టన్నుల టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. కుమ్మరి సారె ఒకసారి తిప్పి వదిలితే కాసేపు తిరుగుతూనే ఉంటుంది చూడండి, అలా ఆ బరువు చిన్న చిన్న ఒడిదుడుకులను తన తిరుగుడులోనే మింగేస్తుంది. సోలార్ పలకలో తిరిగేదేమీ లేదు. మబ్బు అడ్డం వస్తే అప్పటికప్పుడే తగ్గిపోతుంది.

ఇక్కడ పత్రికల్లో వచ్చే అంకెల గురించి ఒక మాట. 2025 జూన్ చివరికి మన దేశంలో కరెంటు పుట్టించే సామర్థ్యంలో సగం, బొగ్గూ గ్యాసూ చమురూ కాకుండా వచ్చేదే అయింది. 2030కి చేరాలనుకున్నది అయిదేళ్లు ముందే చేరాం. సోలార్ ఒక్కటే ఆ ఏడాది జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. నిజంగా గర్వపడాల్సిన విషయం. కానీ మన ఇళ్లకు చేరే యూనిట్లలో దాదాపు ముప్పాతిక వంతు ఇంకా బొగ్గు నుంచే. రెండూ నిజమే. సామర్థ్యమంటే బిందె ఎంత పెద్దదని. యూనిట్లంటే అందులో ఎన్ని నీళ్లు వచ్చాయని. మా మూడు కిలోవాట్ల పలకలు రోజు మొత్తానికి ఇచ్చేది సగటున 12 యూనిట్లు. అదే మూడు కిలోవాట్ల యంత్రం ఇరవై నాలుగు గంటలూ తిరిగితే 72 ఇచ్చేది. ఆరో వంతే వస్తోంది.

మనవరాలికి ఇంకో ఆశ్చర్యం చూపించాను. నా నోటుపుస్తకంలో రోజూ మీటరు అంకె రాసుకుంటాను. "ఏ నెలలో ఎక్కువ వచ్చి ఉంటుందో చెప్పు," అన్నాను. "మే నెల," అంది టక్కున. కాదు, మార్చి! పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక వేడి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున దాని శక్తి తగ్గుతుంది. మా పక్కనున్న రెంటచింతల ఎండల సంగతి మీకు తెలిసిందే. ఆ ఎండలో పలక ఒళ్లు 65 డిగ్రీలకు కాగితే ఏడో వంతు కరెంటు వేడికే ఆహుతి. పైగా దుమ్ము. పొద్దున్నే, పలక చల్లగా ఉన్నప్పుడు నీళ్లు కొట్టి తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది.

ఈ పలక కథ కూడా చిన్నవాడి చేతిలోనే మొదలైంది. వెలుతురు పడితే కరెంటు పుడుతుందని 1839లో కనిపెట్టిన ఎడ్మండ్ బెకరెల్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్లు. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాల వాళ్లు సిలికాన్‌తో చేసిన పలక, పడ్డ ఎండలో నూటికి ఆరు వంతులు కరెంటుగా మార్చింది. ఇప్పుడు మన మేడల మీదవి ఇరవై దాటాయి. ఎండను పట్టడం నేర్చేసుకున్నాం. దాచడమే మిగిలింది.

ఎక్కడ దాచాలి?

మేడ మీద నీళ్ల ట్యాంకు చూపించాను. వెయ్యి లీటర్లది. నేల నుంచి పది మీటర్ల ఎత్తు అనుకుందాం. ఆ నీళ్లను పైకెక్కించడానికి పెట్టిన శక్తి ఆ ఎత్తులోనే దాగి ఉంటుంది. కిందికి వదిలి చిన్న టర్బైను తిప్పితే తిరిగి రావాలి. ఎంత వస్తుందో లెక్క కట్టమన్నాను. వెయ్యి కిలోలు, పది మీటర్లు, భూమి ఆకర్షణ 9.8. గుణిస్తే 98,000 జౌళ్లు. యూనిట్టుకు 36 లక్షల జౌళ్లు. భాగిస్తే 27 వాట్-గంటలు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అంతే! మనవరాలికి నమ్మకం కుదరలేదు, మళ్లీ లెక్క చేసింది. అదే వచ్చింది. అప్పుడు నా జేబులోంచి సెల్‌ఫోను తీసి దాని పక్కన పెట్టాను. దీని బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్-గంటలు. అందులో దాగి ఉన్నది 19 వాట్-గంటలు. టన్ను నీళ్లు మేడెక్కి కూర్చుంటే వచ్చేదానిలో మూడింట రెండు వంతులకు పైగా ఈ అరచేతి బిళ్లలో ఉంది.

"అయితే బ్యాటరీనే గొప్పది కదా!"

తొందరపడకు. నీళ్లు చవక. కొండలు దేవుడిచ్చినవి. వంద మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తే ఒక యూనిట్టుకు సుమారు 3,700 లీటర్లు కావాలి, ట్రాక్టరుకు తగిలించే నీళ్ల ట్యాంకరంత. ఇంటికి అది కుదరదు. చెరువుకు చెరువే ఎత్తగలిగితే?

శ్రీశైలంలో అదే చేశారు. ఎడమ గట్టున భూగర్భంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యంత్రాలున్నాయి. అవి రెండు వైపులా తిరుగుతాయి. ఇటు తిరిగితే కరెంటు పుట్టిస్తాయి, అటు తిరిగితే పంపులై కింది నీటిని పైకి తోడతాయి. నాగార్జునసాగర్‌లోనూ అలా రెండు పక్కలా తిరిగేవి ఏడున్నాయి. వాటిని కట్టే రోజుల్లో ఆలోచన ఇలా ఉండేది: రాత్రి ఊరంతా పడుకుంటుంది, బొగ్గు బాయిలర్లను ఆర్పలేం, ఆ మిగులు కరెంటుతో రాత్రి నీళ్లు తోడి పగలు వదులుదాం. ఇప్పుడు కాలం తిరగబడింది. మిగులు మధ్యాహ్నం వస్తోంది. పగలు తోడి సాయంత్రం వదలాలి. యంత్రం అదే, నీళ్లు అవే, తిప్పే వేళ మారింది. ఆనాడు ఆ యంత్రాలు ఎంచిన ఇంజనీర్లకు మనం చెయ్యెత్తి మొక్కాలి.

కర్నూలు వైపు వెళ్తే ఇంకా బాగా కనిపిస్తుంది. గని, శకునాల ఊళ్ల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు తయారైంది. దాదాపు ఆరు వేల ఎకరాలు. రోడ్డు మీంచి చూస్తే చెరువు నీలంగా మెరుస్తోందనుకుంటారు. అక్కడికి దగ్గర్లోనే పిన్నాపురం కొండల్లో పైనొక జలాశయం, కిందొక జలాశయం కట్టి 1680 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీ ప్రాజెక్టు తలపెట్టారు. నదికి అడ్డం కట్టింది కాదు. ఒకసారి నింపుకున్న నీళ్లే పైకీ కిందికీ తిరుగుతాయి, ఆవిరైపోయినంత మళ్లీ నింపుకుంటే చాలు. తోడటానికి నూరు యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఆ ఇరవై పైచిలుకు దాచినందుకు కూలి. ఒడియాలు కూడా డబ్బాలో పోసేసరికి కొన్ని పొడవుతాయిగా.

సోలార్ పార్కులకిచ్చిన నేలల్లో మేకలూ గొర్రెలూ మేసేవి. ఆ కాపరులకు పలకల నీడలో చోటుండాలి. పలకల కింద గడ్డి పెరుగుతుంది, గొర్రెలు దాన్ని మేస్తే కోసే పనే ఉండదు. కంచె వేసి వాళ్లను వెళ్లగొట్టి కట్టిన పార్కు సగం మంచిదేనని నా అభిప్రాయం.

బ్యాటరీల సంగతి. లిథియం అయాన్ బ్యాటరీలో లిథియం అయాన్లు రెండు డిపోల మధ్య తిరిగే ఆర్టీసీ బస్సుల్లాంటివి. చార్జి చేసేటప్పుడు అన్నీ గ్రాఫైట్ డిపోకు చేరతాయి. వాడేటప్పుడు రెండో డిపోకు తిరిగొస్తాయి, వస్తూ మనకు కరెంటు ఇస్తాయి. ఏదీ కాలిపోదు, పొగ ఉండదు, బస్సులు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా తగ్గిపోతుంటాయి. దీన్ని తయారుచేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యొషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. గుడెనఫ్ గారికి అప్పుడు 97 ఏళ్లు, నోబెల్ అందుకున్నవారందరిలోనూ పెద్దవాడు. ఆ వయసులోనూ ఇంకా మంచి బ్యాటరీ కోసం ప్రయోగశాలకు వెళ్తూనే ఉండేవారు. ఆ సంగతి మనవరాలికి రెండుసార్లు చెప్పాను.

గాలిని మరిచిపోతే తప్పవుతుంది. అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు లేచాయి. సీమవాళ్లకు ఆషాఢం గాలి సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు, మనిషిని తోసేస్తుంది. మబ్బులు పట్టి ఎండ తగ్గిన ఆ నెలల్లోనే గాలి ఉద్ధృతం. పొద్దుగూకాక కూడా వీస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు! ఎండ సెలవు పెట్టినప్పుడు గాలి డ్యూటీకొస్తుంది. అందుకే రెంటినీ కలిపి కట్టుకుంటే దాచాల్సింది తగ్గుతుంది.

ఇదంతా చెబుతున్నంతసేపూ నా మనసులో ఒక రాత్రి మెదులుతూనే ఉంది.

మా నాన్నగారికి మూడెకరాలుండేది. బోరు మోటారుకు త్రీఫేజ్ కరెంటు రాత్రి పన్నెండుకో ఒంటిగంటకో వచ్చేది. అలారం గడియారం తలగడ కింద పెట్టుకుని పడుకునేవారు. టార్చి పట్టుకుని నేను వెనక నడిచేవాణ్ని. తడి గట్టు, చేతికర్రతో ముందు నేలను కొట్టుకుంటూ వెళ్లడం, స్టార్టరు పెట్టె తెరిచేటప్పుడు తేళ్లుంటాయేమోనని వెలుగు వేసి చూడటం, తడి చేత్తో బటన్ నొక్కడం. మా పక్క పొలం ఆయన ఒక రాత్రి అలాగే వెళ్లి పాము కరిచి తెల్లారేసరికి గట్టు మీదే పోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. షాకు కొట్టి పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. మన పల్లెల్లో రాత్రి కరెంటు తీసిన ప్రాణాలకు లెక్క ఎవరు రాశారు?

ఇప్పుడు ఎండ కరెంటు మధ్యాహ్నమే మిగులుతోంది. రైతుకు కావలసిందీ మధ్యాహ్నమే. చేనుకు పారిన నీరు మట్టిలో నిలవుంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. మడి తడుపు కూడా ఎండను దాచడమే! ఆంధ్రలో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలివ్వాలన్నది విధానం. తెలంగాణలో 2018 జనవరి నుంచి రోజంతా ఇచ్చే పద్ధతి పెట్టారు. రైతుల మోటార్లకు సోలార్ అమర్చే కుసుమ్ పథకం 2019లో వచ్చింది. సోలార్ వల్ల భూతాపం ఎంత తగ్గుతుందో నేను బతికుండగా చూడలేకపోవచ్చు. రైతు రాత్రి నిద్రపోవడం మాత్రం కళ్లారా చూస్తున్నాను. నాకు అది చాలు.

ఇంకో వైపు మనుషులు కూడా గుర్తుకు రావాలి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, ఇల్లెందు, కొత్తగూడెం గని కార్మికులు. నల్లసూరీళ్లని మనం పాటల్లో పిలుచుకునేవాళ్లు. సింగరేణిలో ఇప్పటికీ సుమారు 40 వేల మంది ఉద్యోగులు. వాళ్లు కాక కాంట్రాక్టు కార్మికులు, వాళ్ల మీద బతికే టీకొట్లు, బట్టలషాపులు, బళ్లు. నూరేళ్లకు పైగా మన ఇళ్లకు వెలుగిచ్చింది ఆ చెమట. బొగ్గు చెడ్డదని చెప్పేటప్పుడు బొగ్గు తవ్విన మనిషి చెడ్డవాడన్నట్టు మాట జారకూడదు. గనులు మూతపడేలోగా వాళ్ల పిల్లలకు కొత్త పని ఆ ఊళ్లలోనే చూపించాలి. సింగరేణి సంస్థే సొంతంగా సోలార్ ప్లాంట్లు పెట్టుకుంది, అది మంచి దారి. రామగుండం వెళ్తే ఈ మార్పు ఒకేచోట కనిపిస్తుంది. ఎన్టీపీసీ వారి 2600 మెగావాట్ల బొగ్గు కేంద్రం, దాని పక్కన జలాశయం, ఆ నీటి మీద 2022 నుంచి 500 ఎకరాల మేర తేలుతున్న 100 మెగావాట్ల సోలార్ పలకలు. నీటి చల్లదనానికి పలకలు బాగా పనిచేస్తాయి, పలకల నీడకు నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. ఒకదానికొకటి మేలు. పొగ గొట్టాలు పైనుంచి చూస్తుంటాయి. నూరుకీ రెండువేల ఆరువందలకీ మధ్య దూరం కూడా అక్కడే కనపడుతుంది. ఒక్క రోజులో దాటేది కాదు. కానీ దాటుతున్నాం.

పన్నెండున్నరకు కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది కానీ ఇన్వర్టరు వెంటనే లేవలేదు. లైను నిలకడగా ఉందో లేదో కాసేపు చూసుకుని అప్పుడు పచ్చదీపం వెలిగించింది. మనవరాలు దాని ముందే నిలబడి సెకన్లు లెక్కపెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "తాతయ్యా, మనం ట్యాంకు మోటారు పొద్దున ఆరింటికెందుకు వేస్తున్నాం?" అనడిగింది.

అలవాటు. అంతకుమించి కారణం లేదు. ఆరింటికి ఎండ లేదు, ఆ మోటారు తిరిగేది ఎక్కువగా బొగ్గుతోనే. ఆ రోజునుంచి మా ఇంట్లో మోటారు పదకొండింటికి వేస్తున్నాం. రుబ్బుడూ, బట్టల మెషినూ, ఇస్త్రీ, మా అల్లుడి ఎలక్ట్రిక్ స్కూటరు చార్జింగూ పదికీ మూడుకీ మధ్యే. మేడ మీద పలకలు లేనివాళ్లు కూడా ఇది చేయొచ్చు, ఎందుకంటే ఆ వేళ ఊరి లైనులో పారేదానిలో ఎండ పాలు ఎక్కువ. సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా బరువు పనులు పెట్టుకోకండి, ఆ వేళకే బొగ్గు మీద భారమంతా పడేది. రేపు మీ ట్యాంకు మోటారు ఎన్నింటికి వేస్తారో ఒక్కసారి చూసుకోండి. పదకొండింటికి మార్చండి.